గోడలో మిగిలిన వెలుగు

కేబుల్ తొక్కేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. విజయవాడలో చీరల కేటలాగులు తీసే స్టూడియోలో పనిచేసిన రోజుల నుంచీ ఉన్న జబ్బిది. అక్కడ కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కట్టేసి ఫోటోలు తీసేవాళ్లం. ఇక్కడ క్లిక్‌మంటే అక్కడ తెర మీద చీర పడేది. షాపువాళ్లు తెర ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని, "అంచు సరిగ్గా రాలేదు, ఇంకోటి కొట్టవయ్యా చలపతీ" అనేవాళ్లు. ఇంకోటి కొట్టేవాణ్ణి. ఎన్నయినా కొట్టేవాణ్ణి. చీర ఎక్కడికీ పోదు కదా.

రెండోసారి కొట్టడానికి వీల్లేని ఫోటోలు కూడా ఉంటాయని డాక్టర్ వకుళగారి దగ్గర చేరాకే తెలిసింది.

ఆవిడ డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, ఫిజిక్సు మనిషి. విశాఖలో ఆవిడకో చిన్న ప్రయోగశాల ఉంది. కెమెరాను కంప్యూటర్‌కు కట్టి తీయడం చేతనైనవాడు కావాలని అడిగితే ఎవరో నా పేరు చెప్పారు. వెళ్లిన మొదటి రోజే నల్లగుడ్డలో చుట్టిన సున్నపు పెచ్చు ఒకటి తెచ్చి చీకటి గదిలో నా ముందు పెట్టారు. ఎక్కడో పాత రైసుమిల్లు పడగొడుతుంటే, తలుపులు మూసి ఉన్న కొట్టులోంచి తెచ్చిందట.

"ఇసుక రేణువు వెలుగును మింగి దాచుకుంటుంది చలపతీ. చీకట్లో ఉంచితే ఏళ్లతరబడి అలాగే దాచుకుంటుంది. మళ్లీ వెలుగు తగిలిందా, దాచుకున్నదంతా ఒక్కసారి కక్కేస్తుంది. ఆ కక్కేటప్పుడు మనం పట్టుకోవాలి."

"కక్కేశాక?"

"ఏముంది, ఖాళీ."

మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకుంటే, తలుపు కన్నంలోంచి వెలుగొచ్చి, వీధిలో పోయే రిక్షా గోడ మీద తలకిందులుగా పోవడం చిన్నప్పుడు అందరం చూసినదే. ఆ మిల్లు కొట్టు తలుపుకూ అలాంటి కన్నం ఉందట. ఆ కన్నంలోంచి పడిన బొమ్మను గోడలోని ఇసుక దాచుకుందట. ఇవన్నీ వింటూ, సరేలే జీతం ఇస్తున్నారు కదా అనుకుని ఫ్లాషు కొట్టాను.

తెర మీద పడిన బొమ్మను తిప్పి చూస్తే ఒక ఎడ్లబండి. బండి పక్కన తలకు తువ్వాలు చుట్టుకుంటున్న మనిషి. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. నాకు మాత్రం మసకగా అనిపించింది. అలవాటు ఎక్కడికి పోతుంది! "ఇంకోటి కొడతాను మేడమ్" అని మళ్లీ నొక్కేశాను. తెర తెల్లగా వచ్చింది. మళ్లీ కొట్టాను. తెలుపే. ఆ మనిషి ఎవరో, ఎప్పటివాడో, ఇన్నాళ్లూ గోడలో నిలబడి ఉన్నవాడు మసకగానే మిగిలిపోయాడు. మేడమ్ నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. గోడ మొత్తం మీద ఒకేసారి ఫ్లాషు కొట్టకుండా, పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా కొట్టడం. ఒక పట్టీ తీసి, తెర మీద చూసుకుని, దాన్నిబట్టి తర్వాతి పట్టీకి ఎంత వెలుగు కావాలో సర్దుకోవడం. అందుకే కెమెరాకు కంప్యూటరు తప్పనిసరి. తెర వెలుగు కూడా గోడ మీద పడకూడదు కాబట్టి కెమెరా ఒక్కటే చీకట్లో ఉంటుంది. మేము కేబుల్ రెండో చివర, ఇంకో గదిలో ఉంటాం.

పేపర్లో ఆ బండి మనిషి ఫోటో పడింది. ఎక్కువ రోజులు కాకుండానే తణుకు నుంచి ప్రసూన అనే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. అక్కడ ఓ జిరాక్సు షాపులో పనిచేస్తుందట. ఎండలో వచ్చిన మనిషి మంచినీళ్లు కూడా ముట్టకుండా, "మా ఇంటి గోడలో మా పాప ఉంటుందండీ" అంది.

ఇలాంటివాళ్లు ఇదివరకే ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్లారు. "ఇది మహిమ కాదమ్మా, మిషను. అన్ని గోడల్లోనూ ఉండదు" అని కసిరినట్టే అన్నాను.

ఆమె కోప్పడలేదు. పేపరు ముక్క మడత విప్పి, దాన్ని ఎంత బాగా చదువుకుందో తెలిసేలా, ఒక్కొక్కటే చెప్పింది. వాళ్ల పెరటి వైపు సామాన్ల గది ఉంది. పాప పుట్టకముందే అందులో బల్బు హోల్డరు కాలిపోతే ఎవరూ బాగుచేయించలేదు. చెక్క కిటికీకి మేకు ఊడిన కన్నం. కిటికీ ఎదురుగా పెరట్లో రోజూ పొద్దున్నే, అదే చోట, అదే పీట మీద అత్తగారు కాళ్లు చాపుకుని కూర్చుని పాపకు నీళ్లు పోసేది. పాప పోయాక ఆమె భర్త ఆ పెరటి వైపు చూడలేక కిటికీకి అడ్డంగా రేకులు నిలబెట్టేశాడు. గది తలుపు మూసేశారు.

మేడమ్ ముందుకు వంగారు. రోజూ అదే చోట, అదే వేళకు అంటే బొమ్మ మీద బొమ్మ పడి గట్టిపడి ఉంటుంది. ఆ సంగతి నాకూ అర్థమైంది.

"మరి ఫోటో ఒక్కటి కూడా లేదా అమ్మా? ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే కదా" అన్నాను.

"ఏడాది నిండేదాకా తీయకూడదంది మా అత్తగారు. దిష్టి తగులుతుందంట. ఒకసారి దొంగతనంగా ఫోన్లో తీస్తే పక్కన నిలబడి తుడిపించింది. పుట్టినరోజుకి స్టూడియోకి తీసుకెళ్దాంలే అని నేనూ ఊరుకున్నాను. గౌను కూడా కొన్నాను. పదకొండో నెల్లో జ్వరం వచ్చిందండీ." ఆమె పేపరు ముక్కను మళ్లీ మడిచింది. "షాపులో రోజంతా ఊళ్లోవాళ్ల పిల్లల పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టి ఇస్తాను అన్నయ్యగారూ. మా పాప మొహం మాత్రం జారిపోతోంది. పడుకున్నప్పటి మొహం గుర్తుంది. నవ్వితే ఎలా ఉండేదో ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు. చేతుల్లోంచి పోయింది చాలదా, కళ్లల్లోంచి కూడా పోవాలా?"

నా కసురు ఎటు పోయిందో పోయింది.

మేడమ్ మాత్రం మెత్తబడకుండా చెప్పారు. "ఒక్కసారేనమ్మా. వస్తే వస్తుంది, లేకపోతే ఇంక ఎప్పటికీ రాదు. తీయకుండా వదిలేస్తే పాప ఆ గోడలో ఉన్నట్టే ఉంటుంది."

"గోడలో ఉండి నాకేం లాభమండీ?" అంది ప్రసూన.

తణుకులో వాళ్లది పాత పెంకుటిల్లు. భర్త లారీ మీద రాయపూర్ వెళ్లాడు. తను ఉంటే తట్టుకోలేనని కావాలనే ఆ ట్రిప్పు ఒప్పుకున్నాడని ప్రసూన చెప్పింది. ఇంట్లో ఆమె, అత్తగారు మంగాయమ్మగారు, అంతే. పెద్దావిడకు రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. గోడ పట్టుకుని నడుస్తూనే మాకు కాఫీలు కలిపి తెచ్చింది. "పంచదార సరిపోయిందేమో చూడు బాబూ" అని నన్నడిగింది. ఒకే ఇంట్లో ఉన్న ఆ ఇద్దరూ ఒకళ్లతో ఒకళ్లు అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడుకోవడం లేదని గ్లాసులు కడిగేలోపే తెలిసిపోయింది. "ఆవిడ మందులు వేసుకుందో లేదో అడగండి అన్నయ్యగారూ" అని ప్రసూన నాతో అంటుంది. ఆవిడ రెండడుగుల దూరంలోనే ఉంటుంది.

నేను సామాన్ల గది గుమ్మానికి నల్లగుడ్డలు కడుతుంటే మంగాయమ్మగారు వచ్చి పక్కన నిలబడింది.

"నామీద కోపం బాబూ నా కోడలికి. ఉండదా మరి? మా పెద్దాడికి ఎనిమిదో నెల్లో తిరణాళ్లలో ఫోటో తీయించాం. ఆ కార్డు చేతికొచ్చేలోపే పిల్లాడు పోయాడు. ఆ భయం నన్ను వదల్లేదు. ఆ భయంతోనే వద్దన్నాను. తీయనిచ్చినా పాప పోయేదేమో, కానీ చూసుకోడానికి మొహమన్నా మిగిలేది." నల్లగుడ్డ అంచును వేళ్లతో నలుపుతూ ఉండిపోయింది. "ఇవాళ దాని మొహం కనబడితే నా కోడలు నాతో మళ్లీ మాట్లాడుతుందేమో బాబూ. నీకు పుణ్యముంటుంది, జాగ్రత్తగా తియ్యి."

"ఫోటో నేను చూసుకుంటాను పిన్నిగారూ. మీరు మాత్రం లోపల లైటు వేయకండి. టార్చి వద్దు, సెల్‌ఫోను వద్దు. వెలుగు పడిందంటే ఇక అంతే."

"అయ్యో, నేనెందుకు వేస్తాను" అంది ఆవిడ.

కెమెరాను చీకట్లో చేత్తో తడుముకుంటూ బిగించడం నాకు అలవాటే. స్టాండు నిలబెట్టి, గోడకు గురిచూసి, కేబుల్‌ను నేలకు టేపు వేసి, గుడ్డ కిందుగా ముందుగదిలోకి లాగాను. ప్రసూన ఆ కేబుల్‌ను చూసి చుట్టుతిరిగి నడిచింది. దానికి దెబ్బ తగులుతుందేమో అన్నంత జాగ్రత్త. ముందుగదిలో కంప్యూటరు పెట్టి, మేడమ్ తీగలు చూసుకుంటుంటే నేను వ్యాన్‌లో మిగిలిన పెట్టె తేవడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో కర్పూరం వాసన. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టుకున్నారనుకున్నాను. మంచిదే, శుభం అనుకున్నాను కూడా. స్టూడియోలో మేమూ మొదటి ఫోటోకు ముందు కెమెరాకు బొట్టు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టేవాళ్లం. పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కున్నట్టే అది. అందులో ఆలోచించాల్సింది ఏముందని నా బుర్రకు తట్టలేదు.

ప్రసూన నా కుర్చీ వెనక నిలబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నంలోంచి పడే బొమ్మ తలకిందులు కాబట్టి నేల గోడ పైభాగంలో ఉంటుంది. పాప అక్కడే ఉండాలి. పై పట్టీతో మొదలుపెట్టాను. లోపల ఫ్లాషు టప్పుమంది. తెర మీద పడింది తెలుపు.

"కేబుల్ లూజేమో" అన్నాను. బిగించాను. రెండో పట్టీ కొట్టాను. ఈసారీ తెలుపే. మేడమ్ నా చెయ్యి పట్టుకుని, "ఆగు చలపతీ, ఇంక కొట్టకు. లోపల చూసి రా" అన్నారు.

చీకట్లో కెమెరా మీద చెయ్యి వేస్తే వేళ్లకు తడి తగిలింది. బయటికి తెచ్చి చూసుకుంటే కుంకుమ. లెన్సుకు అంటకుండా, ఎంతో జాగ్రత్తగా కెమెరా నెత్తి మీద పెట్టిన బొట్టు.

వంటింటి గుమ్మంలో మంగాయమ్మగారు కూర్చుని ఉంది. "పిన్నిగారూ, లోపలికి వెళ్లారా?"

"వెళ్లాను బాబూ. పెరటి వైపు నుంచి వచ్చి, గుడ్డల కిందుగా దూరి, చీకట్లోనే తడుముకుంటూ వెళ్లాను, లైటు వేయలేదు. పాప ఉన్న గోడ కదా. ఎదురుగా నిలబడి కర్పూరం కొండెక్కేదాకా హారతిచ్చాను. పని శుభంగా జరగాలని మొక్కుకున్నాను. మొదలెట్టారా?"

నోటిదాకా వచ్చిన తిట్టును పళ్లతో కొరికి పట్టుకున్నాను. ఆవిడ చేతిలో ఇంకా ఆ ఇత్తడి పళ్లెం ఉంది. నా కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. బల్బు వద్దన్నాను, టార్చి వద్దన్నాను. హారతి వద్దని ఎవరైనా చెబుతారా? ఎవరైనా అడుగుతారా?

"మొదలెట్టాం పిన్నిగారూ. ఇక్కడే కూర్చోండి" అన్నాను.

ముందుగదిలో మేడమ్‌కు చెబుతుంటే ప్రసూన అంతా విన్నది. ఆమె ఏడవలేదు. మొహం బిగుసుకుపోయింది.

"అయితే రెండోసారి కూడా ఆవిడే" అంది.

మేడమ్ గుమ్మం వైపు అడుగు వేశారు.

"మీరెవరూ చెప్పకండి. నేనే చెప్తాను ఆవిడకి. ఏం చేసిందో విడమరిచి చెప్తాను. అప్పుడు ఫోన్లో తుడిపించింది, ఇప్పుడు గోడలో తుడిచేసింది. బతికినన్నాళ్లూ తెలిసుండాలి ఆవిడకి. నేను మోస్తున్నాను కదా, ఆవిడా మొయ్యాలి."

ఆమె స్థానంలో నేనుంటే అదే అనేవాణ్ణి. కానీ చూపు పోయిన ఆ ముసలావిడ ఆ మాట విన్నాక ఎన్నాళ్లు బతుకుతుంది, ఎలా బతుకుతుంది అన్నది కూడా నా కళ్లకు కనబడుతూనే ఉంది.

మేడమ్ వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఆవిడ చేతిలోని పళ్లెం చూసి వచ్చి, నెమ్మదిగా అన్నారు. "ఆ పళ్లెం వెడల్పుగా ఉంది. కర్పూరం పళ్లెంలో వెలిగితే నీడ కిందికి పడుతుంది. గోడ పైభాగమంతా పోయినట్టే. అడుగున కొంత మిగిలి ఉండొచ్చు. కానీ ప్రసూనా, అడుగున ఉండేది పై ఆకాశం, చెట్టు కొమ్మలు, బట్టలారేసిన తీగ. పాప అక్కడ ఉండదు. తీయమంటావా, వదిలేయమంటావా?"

"తీయండి. తీగ మీద దాని గుడ్డలైనా కనబడతాయేమో."

మూడో పట్టీ తెలుపు. నాలుగోది కొట్టేముందు నేను దణ్ణం పెట్టుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తెర మీద ఏదో నల్లగా కదిలినట్టయి, నిలిచింది. మేడమ్ గట్టిగా ఊపిరి పీల్చారు. మిగిలిన అడుగు పట్టీ కూడా తీసి, రెంటినీ అతికించి, తలకిందుల బొమ్మను తిప్పాను.

పైన ఆకాశం. అడ్డంగా బట్టల తీగ, దాని మీద వరసగా చిన్న చిన్న గుడ్డలు. తీగ కింద మంగాయమ్మగారు. భుజాల దాకానే ఉంది. అప్పటికి కళ్లకు పొరల్లేవు. తల వంచి కిందికి చూస్తోంది. పెదాలు సున్నాలా చుట్టి పాపతో ఏదో అంటోంది. మొహం నిండా నవ్వు. ఎన్ని పొద్దుల నవ్వులు ఒకదాని మీద ఒకటి పడ్డాయో, నుదుటి ముడతలతో సహా అంత స్పష్టంగా నిలిచింది. భుజాల కింద, చాపిన కాళ్లు ఉండాల్సిన చోట, పాప ఉండాల్సిన చోట, వట్టి తెలుపు.

ఆవిడ దేన్ని చూసి నవ్వుతోందో అది లేదు. ఆ చూపు ఒక్కటే ఉంది.

ప్రసూన తెర దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది. "నేనెప్పుడూ చూళ్లేదు అన్నయ్యగారూ" అంది. "ఆ వేళకి నేను వంటింట్లో ఉండేదాన్ని. ఆయన క్యారేజీ కట్టాలి, షాపుకి టైమవుతుంది. పాప కేరింతలు వినబడేవి. ఈవిడ ఇలా..." అని ఆపేసింది. అప్పుడొచ్చింది ఏడుపు. మోకాళ్ల మీద కూలబడి, చప్పుడు బయటికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేడమ్ కిటికీ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

వసారాలో గోడను రాసుకుంటూ వస్తున్న చేతి చప్పుడు వినిపించింది. మంగాయమ్మగారు గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రావడానికి జంకుతోంది.

"అయిందా బాబూ? పాప కనబడిందా?"

నేను ప్రసూన వైపు చూశాను. చెప్తానన్న మాట ఆమె పెదాల మీదే ఉన్నట్టుంది. ఆ క్షణంలో నేను భయపడినంతగా జీవితంలో ఎప్పుడూ భయపడలేదు. ప్రసూన కళ్లు తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"కనబడింది అత్తయ్యా. రండి, కూర్చోండి."

పెద్దావిడ ఆ పిలుపుకే తడబడింది. కుర్చీలో కూర్చుని, మొహాన్ని తెరకు ఆనించేంత దగ్గరగా పెట్టి, తల అటూ ఇటూ తిప్పింది. "ఏదీ? నాకంతా అలికినట్టుందమ్మా. మసగ్గా ఎవరో ఉన్నారు."

"అది మీరే అత్తయ్యా. నీళ్లు పోస్తున్నారు."

"మరి పాపో?"

ప్రసూన ఆవిడ చూపుడువేలు పట్టుకుని తెర మీదికి తెచ్చింది. ఆ తెల్లటి చోట ఆనించింది. "ఇదిగో. మీ కాళ్ల మీద."

"తెల్లగా ఉంది. తువ్వాలు చుట్టేశానా అప్పటికే?"

"చుట్టేశారు."

"నవ్వుతోందా?"

ప్రసూన తెర మీది ఆవిడ నవ్వు మొహం వైపు చూసింది. "నవ్వుతోంది అత్తయ్యా" అంది.

"నవ్వుతుంది నా తల్లి. నేను నీళ్లు పోస్తే ఒక్కనాడు ఏడ్చింది కాదు." మంగాయమ్మగారు ఆ ఖాళీని వేలితో నిమురుతూనే ఉంది, పైనుంచి కిందికి, బుగ్గ నిమిరినట్టు. "మీ షాపులో పెద్దది చేయించి పట్రాగలవా అమ్మా? హాల్లో గోడకు కట్టుకుందాం."

"చేయిస్తాను అత్తయ్యా" అంది ప్రసూన. "కట్టుకుందాం. ఇద్దరం రోజూ చూసుకుందాం."